పేరు పెట్టి పిలవాలి

కారా-బెల్ పట్నం,
జూన్ మొదటి వారం

అపాకి,

మీ కోడలు జీనత్ తల వంచి సలాం చెప్పి రాయునది. నేను క్షేమంగా చేరాను. మీ అబ్బాయి లారీ కనుమ దాటి కాష్గర్ వైపు దిగిందట, నిన్న ఫోన్ చేశారు. బాష్-బులక్ వేసవి మేత కొండ మీద మన గుడారానికి ఫోన్ అందదు కాబట్టి ఇకనుంచి మనిద్దరికీ పాల లారీ కుబాతే దిక్కు. వారానికోసారి మన పులిసిన గుర్రప్పాల కుమిస్ పీపాల కోసం పైకి వస్తాడు కదా, ఖాళీ పీపాలతోపాటు నా ఉత్తరం దించుతాడు. మీ జవాబు వాడి చేతికే ఇవ్వండి. చదవొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టు ఎంతకాలం నిలుస్తుందో వాడికే తెలియాలి.

ఇక్కడ ఒక్కో మేత నుంచి ఒక్కో మనిషిని పిలిచారు. అందరం ఆడవాళ్ళమే, ఒక్క మొగుడు కూడా పెళ్ళాన్ని పంపి తను ఇంట్లో పాలు పితుకుతానని అనడని అనుకున్నాను గానీ, ఇంతమందిమి వచ్చామంటే ఎవరో పితుకుతూనే ఉండాలి. అంబులెన్సు కొండెక్కి వచ్చేలోపు మనిషిని దక్కించుకోవడం ఎలాగో నేర్పుతున్నారు. నేర్పే ఆవిడ మైరమ్‌కాన్ అక్క. జీవితమంతా అంబులెన్సులో తిరిగిన మనిషి. గొంతు వింటే గుర్రాలు కూడా వరసలో నిలబడతాయి.

మొదటి పాఠంలోనే నేను తప్పాను అపా. మీకు ఎలా చెప్పాలో తెలియక ఇంతసేపూ కుబాత్ గురించి రాశాను.

మా ముందు ఒక రబ్బరు మనిషిని పడుకోబెట్టారు. నడుం దాకానే ఉంటాడు, కాళ్ళు లేవు. పడిపోయిన మనిషి కనిపిస్తే ముందు చుట్టూ చూసుకోవాలి, మనకి ప్రమాదం లేదని. తర్వాత భుజాలు తట్టి, పేరు పెట్టి గట్టిగా పిలవాలి. పలికితే ఒక దారి, పలకకపోతే ఇంకో దారి. అది తేల్చుకోకుండా అడుగు ముందుకు వేయడానికి లేదు. సరే, రబ్బరు మనిషికి పేరు కావాలి కదా. షైర్‌గుల్ అని ఒక పెళ్ళికాని పిల్ల ఉంది, నోటికి కళ్ళెం లేదు. "మా తాత పేరు పెడదాం, ఆయనా ఇలాగే ఎంత పిలిచినా పలకడు" అని ఒక పేరు చెప్పింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అది మన పెద్దాయన పేరు.

నా వంతు వచ్చింది. భుజాలు తట్టాను. నోరు తెరిచాను. రాలేదు. "అయ్యా" అన్నాను, "పెద్దాయనా" అన్నాను. "పేరు" అంది మైరమ్‌కాన్ అక్క. మామగారి పేరు కోడలి నోట ఎలా వస్తుందని అడిగాను. "రబ్బరు బొమ్మ నీకు మామగారా?" అంది. ఆవిడా కిర్గిజ్ మనిషే, ఆవిడకీ అత్తగారుండేది, తెలియక కాదు. నా పేరు పక్కన తప్పు గుర్తు పెట్టింది.

మామగారికి నా సలాం. ఆయన పన్ను నొప్పి తగ్గిందా?

మీ కోడలు
జీనత్


బాష్-బులక్,
జూన్ రెండో వారం

అమ్మాయ్ జీనత్,

నీ ఉత్తరం అందింది. కుబాత్ చదవలేదు. చదివి ఉంటే నవ్వు ఆపుకోలేక లారీని వాగులో దింపేవాడు.

నువ్వు తప్పలేదు. బొమ్మయినా బండరాయైనా ఆ పేరు ఆ పేరే. నిన్ను ఈ ఇంటికి తెచ్చుకున్న రోజున మా ఆడపడుచు "పట్నంలో చదివిన పిల్ల, రెండు నెలలు తిరక్కుండా మామగారిని పేరు పెట్టి పిలుస్తుంది చూడు" అంది. ఇప్పుడు ఆవిడకి ఈ సంగతి రాసి పంపాలని ఉంది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టి నలభై ఏళ్ళు దాటింది, నా నోట కూడా ఆ పేరు రాలేదు. నీ మొగుడు తాలాయ్ పుట్టకముందు "ఇదుగో" అనేదాన్ని, పుట్టాక "తాలాయ్ నాన్నా" అంటున్నాను. నాకేం లోటు జరిగింది? నాలుగు కొండల అవతల ఉన్నా పలుకుతారు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. కాళ్ళు లేని మనిషికి తన పేరు పెట్టారని తెగ నవ్వారు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, గుడారం బయటికి వెళ్ళి జీను మీద కాసేపు కూర్చున్నారు.

ఆడగుర్రాలు బాగానే ఇస్తున్నాయి. నువ్వు లేవని ఆయన తమ్ముడు తన కోడలు జిపార్‌ని పంపారు, వాళ్ళ ఇసుకవాగు మేత నుంచి. మంచి పిల్ల, కానీ పాలు పితికేటప్పుడు పాడుతుంది, గుర్రాలకి ఆ పాట నచ్చదు. ఆయన పన్ను నొప్పి అలాగే ఉంది. ఇదెక్కడి పన్నో నాకు అర్థం కాదు. గుర్రం మీద ఉన్నంతసేపూ ఉండదట, ఊట దగ్గర నుంచి నడిచి ఎక్కితేనే కింది దవడ సలుపుతుందట. అదొకటి, ఈ ఏడాది కొండల మీద కొత్త ప్రేమ పుట్టింది ఆయనకి. ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగి చూస్తారు. పుట్టిన దగ్గర నుంచీ చూస్తున్న కొండలే. "ఏం చూస్తున్నారు" అంటే "మంచు ఎంతుందో" అంటారు. జూన్‌లో మంచేమిటి.

జాగ్రత్తగా చదువుకో. తప్పు గుర్తు పెడితే పెట్టనీ.

నీ అపా


కారా-బెల్,
జూన్ నెలాఖరు

అపాకి సలాం.

రెండు వారాలుగా రాయలేదు, మన్నించండి. నెత్తురు ఆపడం నేర్చుకున్నాం. గాయం మీద గుడ్డ పెట్టి రెండు చేతులా అదిమి పట్టుకోవాలి. పదే పదే ఎత్తి చూడకూడదు, రొట్టె కాలిందో లేదో చూసినట్టు. కాలిన చోట గొర్రె కొవ్వు రాయకూడదట, చల్లటి నీళ్ళు పోస్తూ ఉండాలట. చిన్నప్పుడు మా అమ్మ నా చేతికి రాసిన కొవ్వంతా తలుచుకున్నాను. గుర్రం మీద నుంచి పడినవాణ్ని ఎత్తి మళ్ళీ గుర్రం ఎక్కించడం అన్నిటికన్నా పెద్ద తప్పట. మైరమ్‌కాన్ అక్క అంది: "మన మగాళ్ళకి నేల మీద పడుకోవడం సిగ్గు. ఆ సిగ్గు వల్ల మెడ విరిగి చచ్చినవాళ్ళని నేను మోశాను."

ఇదంతా రాయాలని కూర్చోలేదు అపా.

నిన్న గుండె పాఠం. గుండెకి నెత్తురు సరిగ్గా అందకపోతే మనిషికి ఎలా ఉంటుందో చెప్పింది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. కొందరికి ఛాతీలో ఏమీ ఉండదు, ఎడమ చేతిలోనో, వీపులోనో, దవడలోనో నొప్పి. ఎత్తు ఎక్కితే వస్తుంది, ఆగితే పోతుంది. "అలాంటి ముసలాళ్ళు దారిలో ఆగి ఏదో చూస్తున్నట్టు నటిస్తారు, మీరు నమ్మకండి" అంది. అందరూ నవ్వారు. నేను లేచి బయటికి వెళ్ళి, మీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను.

పన్ను నొప్పి గుర్రం మీద ఉంటే ఎందుకు రాదు అపా? నడిస్తేనే ఎందుకు వస్తుంది? చెమట పడుతోందా? చల్లటి చెమటా? రాత్రి పడుకుంటే ఊపిరి ఆడుతోందా? ఎడమ చెయ్యి రుద్దుకుంటున్నారా? ఎప్పటి నుంచి? కడుపులో పుండు గానీ, మాత్రలు పడకపోవడం గానీ ఉందా? అన్నీ అడిగి రాయండి. మీరే చూసి రాయండి, ఆయన చెప్పింది రాయకండి.

జీనత్


బాష్-బులక్,
జూలై మొదటి వారం

జీనత్‌కి,

ఈ ఉత్తరం మీ మామగారు పక్కన కూర్చుని రాయిస్తున్నారు, నేను రాస్తున్నాను.

ఆయన మాట: పన్ను పన్నే అని రాయి. కోడలు చదువుకోవడానికి వెళ్ళిందా, మా ఊపిరి లెక్కపెట్టడానికి వెళ్ళిందా అని రాయి. ఏ జబ్బు పాఠం చెబితే ఆ జబ్బే అందరికీ ఉన్నట్టు కనిపిస్తుంది, నెత్తురు పాఠం రోజున ఎవరికి నెత్తురు కారింది అని అడుగు. చెమటంటావా, జూలైలో చెమట పట్టనివాడు దొంగ. ఎడమ చెయ్యి తనదే, ఎప్పుడు రుద్దుకోవాలో తనకే తెలుసు. కడుపులో పుండు లేదు, రాళ్ళు తిన్నా అరుగుతాయి. మాత్రలు ఎప్పుడూ మింగలేదు కాబట్టి పడతాయో లేదో తెలియదు.

ఇంకా ఏమిటంటే, గోధుమరంగు ఆడగుర్రానికి మగపిల్ల పుట్టింది. నుదుట చుక్క. నువ్వొచ్చి చూడాలట.

ఇంతే రాయమన్నారు.

నీ అపా


(ఇదే కవరులో, వేరే కాగితం)

జీనత్, ఇది ఆయనకి చదివి వినిపించని ఉత్తరం. కుబాత్ పీపాలు ఎక్కిస్తున్నాడు, ఆయన అటు ఉన్నారు, తొందరగా రాస్తున్నాను.

చెమట పడుతోంది. చల్లగానే. మొన్న ఊట నుంచి వస్తూ కూర్చుండిపోయారు, మొహం బూడిదరంగుకి తిరిగింది. నేను పరిగెత్తితే "ఎవరికైనా చెప్పావంటే చూడు" అన్నారు. నాకు భయంగా ఉంది. చలికాలం నుంచే ఉంది ఇది. అప్పుడు గాలి తగిలిందనుకుని గొర్రె తోక కొవ్వుతో వీపు రుద్దాను, తగ్గిందన్నారు. నన్ను ఊరుకోబెట్టడానికి అన్నారని ఇప్పుడు అనిపిస్తోంది.

కిందికి దిగమంటే దిగరు. మంద మనదొక్కటే కాదు కదా, ఊళ్ళో సగం ఇళ్ళ గొర్రెలు ఆయన్ని నమ్మి పంపారు. మేత మధ్యలో దిగిపోయిన కాపరిని మరుసటేడు ఎవరు నమ్ముతారని ఆయన బాధ. మొండివాడు రాజు కన్నా బలవంతుడు. ఏం చెయ్యాలో రాయి. పెద్ద అక్షరాలతో రాయి, నా కళ్ళజోడుకి గీతలు పడ్డాయి.


కారా-బెల్,
జూలై రెండో వారం

అపా,

పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను. మైరమ్‌కాన్ అక్కకి అంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలంది. కుబాత్ పక్క సీటు ఖాళీగా ఉంచుతాడు. ఆయన రానంటే, వచ్చే శనివారం నాకు సెలవు, నేనే పైకి వచ్చి కాళ్ళ మీద పడతాను. కోడలు కాళ్ళ మీద పడితే ఏ మామగారు కాదంటారో చూస్తాను.

ఈలోగా ఏమైనా జరిగితే ఇలా చెయ్యండి. నేను మైరమ్‌కాన్ అక్కకి చదివి వినిపించి, సరేనన్నాకే పంపుతున్నాను.

నొప్పి వచ్చిందంటే నడవనివ్వకండి. గుర్రం ఎక్కనివ్వకండి. జీను వీపుకి ఆనించి, మోకాళ్ళు మడిచి, సగం కూర్చున్నట్టు ఉంచండి. నడికట్టు వదులు చెయ్యండి. కాగితంలో చుట్టి ఆస్పిరిన్ మాత్రలు పంపాను. మెలకువలో ఉంటేనే ఒకటి నమలమనండి. మింగడం కాదు, నమలాలి. కుమిస్ వద్దు, చాయ్ వద్దు. ఎవరు ఎంత తిట్టినా వద్దు. వేడి చేస్తుందని కొత్తగా ఒలిచిన గొర్రె తోలు చుట్టకండి. చలి తగలకుండా వదులుగా దుప్పటి కప్పండి. జిపార్‌ని తన ఫోన్‌తో సిగ్నల్ అందే గట్టు మీదికి పంపించి అంబులెన్సుకి ఫోన్ చేయించండి.

ఒకవేళ పడిపోయి కళ్ళు తెరవకపోతే, భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే తల కొంచెం వెనక్కి వంచి, ఛాతీ లేస్తోందో లేదో చూడండి. ఊపిరి ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే, లేక చేపలా అప్పుడప్పుడూ నోరు తెరుస్తుంటే, ఛాతీ నడిమధ్యన రెండు చేతులు పెట్టి గట్టిగా, వేగంగా అదమండి. ఎముక విరుగుతుందని భయపడకండి. బండి వచ్చేదాకా ఒకరి తర్వాత ఒకరు చెయ్యండి, ఆపకండి.

పిలవడం అంటే పేరు పెట్టి పిలవడం. మిగతా మాటలు మన చుట్టూ రోజంతా వినపడుతూనే ఉంటాయి, స్పృహ తప్పుతున్నవాడు పట్టించుకోడు, తన పేరు వింటే మాత్రం తిరిగి చూస్తాడు అంటుంది మైరమ్‌కాన్ అక్క. మీకు ఈ మాట రాయడానికి నా చెయ్యి ఆడలేదు. అయినా రాశాను.

జీనత్


బాష్-బులక్,
జూలై మూడో వారం

జీనత్,

మాత్రలు అందాయి. నా మెడలో సంచిలో వేసుకున్నాను.

శనివారం రా. నువ్వొస్తున్నావని చెప్పలేదు, చెబితే మందతో పై కొండకి పోతారు. ఒకటి మాత్రం చెబుతున్నాను, పేరు పెట్టి పిలవడం నా వల్ల కాదు. నేను గిల్లుతాను. నలభై ఏళ్ళలో నా గిల్లుడికి లేవనిరోజు లేదు.

నీ అపా


బాష్-బులక్,
జూలై నెలాఖరు

అపా,

ఇప్పుడు ఉత్తరాల దిక్కు మారింది. మీరు నరీన్ పెద్దాసుపత్రిలో, నేను మీ గుడారంలో. కుబాత్ దీన్ని కారా-బెల్ దాకా తీసుకెళ్ళి, అక్కడ నుంచి నరీన్ పోయే ఎవరికైనా ఇస్తానన్నాడు.

వాగు దగ్గర నేను పైకి వస్తున్న బండి, మీ అంబులెన్సు ఎదురుపడినప్పుడు మాట్లాడుకోవడానికి వీలు లేకపోయింది. మీరు అంబులెన్సు కిటికీలోంచి "గోధుమరంగుది కుంటుతోంది, చూసుకో" అన్నారు. నేను మీ భుజం మీదుగా లోపలికి చూశాను. ఆయన మొహానికి ముసుగు ఉంది, ఛాతీ కదులుతోంది. అది చూసే పైకి వచ్చాను. గోధుమరంగుది బాగానే ఉంది, డెక్కలో రాయి ఇరుక్కుంది, తీసేశాను. మందకి మీ మరిది ఇద్దరు మనుషుల్ని పంపారు. ఊళ్ళో వాళ్ళెవరూ గొర్రెలు వెనక్కి తీసుకోలేదు, ఆయనకి చెప్పండి.

కింద ఆ రోజు ఏం జరిగిందో మీకు తెలియదు. చెబుతాను.

ఆ శుక్రవారం, నేను పైకి రావలసిన ముందురోజు, మాకు అంబులెన్సు వాళ్ళ ఫోన్ గదిలో పని నేర్పుతున్నారు. నేను ఒక మూల కూర్చుని ఉన్నాను. ఫోన్ మోగింది. అక్కడి ఆవిడ ఎత్తింది. "ఎవరు పడిపోయారు, పేరు చెప్పమ్మా" అంటోంది, అవతల నుంచి జవాబు సరిగ్గా రావడం లేదు. గాలి. "మా పెద్దాయన, మా పెద్దాయన" అని మాత్రం వినపడిందట, తెగిపోయింది. ఆ నంబరు ఇసుకవాగు కాపరి పేరున ఉంది. అందుకని ఆయనే పడిపోయాడనుకుని బండిని ఇసుకవాగుకి పంపేసింది. ఆవిడ తప్పు కాదు, ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆవిడ ఆ కాపరి పేరు పుస్తకంలో రాస్తూ పైకి చదివింది. నేను లేచి నిలబడ్డాను. జిపార్ మామగారు ఆయన. కానీ ఆయన పేరున ఉన్న ఆ ఫోన్‌తో జిపార్ ఈ వేసవిలో ఉన్నది మన దగ్గర. జిపార్ తన మామగారి పేరూ చెప్పలేదు, ఆయన అన్నగారి పేరూ చెప్పలేదు. మనం దాన్ని తిట్టడానికి లేదు, మంచి కోడలు చెప్పాల్సినట్టే చెప్పింది. నేనున్నా అదే చెప్పేదాన్ని.

అప్పటికే బండి వెళ్ళిపోయింది. దారి చీలే చోటు దగ్గర పడుతోంది. రేడియోలో పిలిచారు. "ఇసుకవాగు కాదు, బాష్-బులక్" అన్నాను. డ్రైవరు ఈ మధ్యే వేరే జిల్లా నుంచి వచ్చాడట. "నా కాగితంలో మేతల పేర్లు లేవు, కాపరుల పేర్లే ఉన్నాయి, ఎవరి మేత?" అన్నాడు. "పెద్దాయనది" అన్నాను. "ఎవరమ్మా పెద్దాయన, కొండ నిండా పెద్దాయనలే." గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. ఆ రేడియో మిగతా బళ్ళలోనూ వినపడుతుంది, వాటిలో మన ఊరివాళ్ళున్నారు.

చెప్పాను అపా. ఒకసారి చెబితే "వినపడలేదు" అన్నాడు. రెండోసారి గట్టిగా చెప్పాను.

బండి తిరిగింది.  మైరమ్‌కాన్ అక్క వచ్చి నా ముందు చాయ్ పెట్టింది. మీరు దీనికి నన్ను ఏమన్నా పడతాను. మీ ఆడపడుచు గారి మాట నిజమైంది. కానీ రేపు మళ్ళీ అలాంటి ఫోన్ వస్తే మళ్ళీ చెబుతాను, ఆ సంగతి కూడా మీకు దాచదలుచుకోలేదు.

ఆయన ఎలా ఉన్నారో రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయండి.

జీనత్


నరీన్,
ఆగస్టు మొదట్లో

జీనత్, తల్లీ,

ఉన్నది ఉన్నట్టే రాస్తాను. బాగోలేదు. గాజు తలుపు వెనకాల ఉన్నారు, ముక్కులో గొట్టాలు. మొదటి రెండు రోజులు డాక్టరు నా కళ్ళలోకి చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాడు గానీ "చూద్దాం" అంటాడు. గుండెలో ఒక పక్క దెబ్బ తిన్నదట. ఇంకొంచెం ఆలస్యమయి ఉంటే ఇక్కడిదాకా రావలసిన పని ఉండేది కాదన్నాడు. ఆ మాట విన్నప్పటికి నీ ఉత్తరం నాకు అందలేదు. ఇప్పుడు చదివాక, ఆ బండి ఇసుకవాగు పోయి ఉంటే అనుకుని బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పక్కనున్నావిడ నా మనిషి పోయాడనుకుని తనూ ఏడ్చింది.

నీ తప్పుకి నేనేం శిక్ష వెయ్యను తల్లీ. నా సంగతి విను.

ఆ పొద్దున గుర్రప్పిల్లల్ని కట్టే మేకు వదులైందని దాన్ని బిగించడానికి వంగారు. లేచి నన్నొకసారి చూశారు. ఏదో చెప్పబోయినట్టుంది. అలాగే పక్కకి ఒరిగిపోయారు. చుట్టుపక్కల మగాళ్ళు పరిగెత్తుకొచ్చారు, చంకల్లో చేతులు పెట్టి లేపబోయారు. "గుర్రం ఎక్కించండి, ఇలా మట్టిలో వదిలేస్తామా" అని ఒకడు. నేను ఆయన మీద అడ్డంగా పడిపోయాను. "ముట్టుకుంటే చేతులు విరుస్తాను" అన్నాను. నాకు అంత గొంతుందని నాకే తెలియదు.

భుజాలు తట్టాను. "తాలాయ్ నాన్నా" అన్నాను. గిల్లాను. ఇంకా గట్టిగా గిల్లాను. "ఇదుగో, ఇదుగో" అన్నాను. కదల్లేదు. అప్పుడు పిలిచాను, పేరు పెట్టి, గొంతు చిరిగేలా. మగాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఎవరో ముసలామె "దీనికి మతి పోయింది" అంది.

పలకలేదు జీనత్. పెళ్ళాం నోట తన పేరు మొదటిసారి విని కూడా పలకని మగవాడు నిద్రలో లేడని అప్పుడు అర్థమైంది నాకు. అంతవరకూ ఎక్కడో, ఇప్పుడే లేచి నన్ను తిడతారని అనుకుంటూనే ఉన్నాను.

ఇక నువ్వు రాసింది రాసినట్టు చేశాను. తల వంచాను, ఛాతీ చూశాను, లేస్తోంది. పక్కకి తిప్పాను. జిపార్‌ని గట్టు మీదికి తరిమాను. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు, మొహం పిండిలా ఉంది. జీనుకి ఆనించి కూర్చోబెట్టాను. మాత్ర నమలమంటే చేదంటూ మొహం పెట్టారు. కుమిస్ అడిగారు. నేను ఇవ్వలేదు. "దాహమన్నవాడికి గుక్కెడు కుమిస్ ఇవ్వని ఇల్లాలిని ఈ కొండ మీద చూడలేదు" అని ఆ ముసలామె మళ్ళీ అంది. "ఇప్పుడు చూడు" అన్నాను.

పాఠం బాగా నేర్చుకున్నాననుకోకు. బండి కనిపించాక నా కాళ్ళు పని చెయ్యలేదు, నన్నూ మోసి ఎక్కించారు.

ఆయన పలకనిది మాత్రం నా చెవుల్లోనే ఉండిపోయింది. ఇక్కడ తలుపు దగ్గర ఎవరి తాలూకు అని అడిగితే మా మరిది కొడుకు చెబుతున్నాడు. నేను చెప్పడం లేదు. ఆ రోజు పిలిస్తే జవాబు రాలేదు, మళ్ళీ పిలిచి మళ్ళీ రాకపోతే ఏం చెయ్యను?

నీ అపా


బాష్-బులక్,
ఆగస్టు రెండో వారం

అపా,

మీ ఉత్తరం జిపార్‌కి చదివి వినిపించాను. అది తన ఫోన్ వల్లే ఇంత జరిగిందని అన్నం మానేసింది. రేపటి నుంచి మళ్ళీ తింటుంది, నేను చూసుకుంటాను. ఆ ముసలామె నిన్న గుడారానికి వచ్చి, నడిస్తే తన భుజం కూడా లాగుతోందని చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది. కుబాత్ లారీలో ఎక్కించి కిందికి పంపాను. దారంతా నన్ను తిట్టిందట.

చలి మొదలైంది. మీ కళ్ళజోడుకి కొత్త అద్దాలు వేయించుకోండి, ఆసుపత్రి పక్కనే దుకాణం ఉంది. ఆయన గురించి ఒక్క ముక్క రాసినా చాలు. ఏమీ రాకపోతే రోజంతా దారి వైపే చూస్తున్నాను, పనులు చెడుతున్నాయి.

జీనత్


నరీన్,
ఆగస్టు మూడో వారం

తల్లీ జీనత్,

నిన్న ఆయన్ని గాజు తలుపు గదిలోంచి మామూలు వార్డులోకి మార్చారు. తాలాయ్ వచ్చాడు, మా ఆడపడుచు వచ్చింది, ఇసుకవాగు వాళ్ళందరూ వచ్చారు. ఎవరెవరో రొట్టెలు తెచ్చారు, వరండా అంతా మనవాళ్ళే. డాక్టరు ఈసారి "చూద్దాం" అనలేదు. ఇక కొండెక్కకూడదు, మంద వేరే వాళ్ళకి అప్పగించాలి, మాత్రలు మానకూడదు అన్నాడు. అవి బతికేవాళ్ళకి చెప్పే మాటలని నాకు అర్థమైంది.

వార్డు తలుపు దగ్గర కొత్త నర్సు. చిన్నపిల్ల. ఒక్కరే లోపలికి రావాలంది. "ఎవరిని చూడాలి? పేరు చెప్పండి" అంది.

మా మరిది కొడుకు నోరు తెరిచాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. మా ఆడపడుచు నా వైపు చూస్తోంది, మరిది చూస్తున్నాడు, తాలాయ్ చూస్తున్నాడు.  ఆ రోజు మట్టిలో భయపడ్డదానికన్నా ఎక్కువ భయపడ్డాను.

"కాసిమాలి" అన్నాను.

నర్సు కాగితంలో వెతుకుతోంది. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను, ఈసారి లోపలికి వినపడేలా.

 వార్డు లోపల నుంచి, కిటికీ పక్క మంచం మీద నుంచి, సన్నగా, బొంగురుగా జవాబు వచ్చింది.

"ఆఁ. వస్తున్నా."

లేవకూడదని నర్సు అరుస్తూ లోపలికి పరిగెత్తింది.

నీ అపా